వత్తు వెతుక్కుంటూ దివిసీమ దాకా

గూగుల్ ఫాంట్స్ సైటుకెళ్లి, భాష దగ్గర తెలుగు ఎంచుకుని ఒకసారి కిందికి జరపండి. ఎన్టీఆర్, మండలి, శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ... క్లాసులో హాజరు పట్టీ చదువుతున్నట్టుంటుంది. వీటిలో మొదటి మూడు పేర్లకీ కృష్ణా డెల్టా కింది భాగంలో ఒక్కో చిరునామా ఉంది. ఒకటి గుడివాడ దగ్గర, ఒకటి దివిసీమలో, ఇంకొకటి ఆ రెండింటికీ మధ్య కృష్ణ ఒడ్డున. బందరు నుంచి బయల్దేరితే రెండ్రోజుల్లో మూడూ చుట్టేయొచ్చు. నేను చుట్టొచ్చాను. గుళ్ల కోసం కాదు, లడ్డూ కోసం కాదు (తిన్నాననుకోండి, అది వేరే సంగతి). పని మీద.

నా పని ఫోన్లకీ కంప్యూటర్లకీ సాఫ్ట్‌వేర్ రాయడం. ఈమధ్య మా చిన్న టీము రొయ్యల చెరువుల కోసం ఒక యాప్ చేస్తోంది. చెరువులో పెట్టిన సెన్సరు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. తగ్గితే గట్టు మీదున్న ఫోను మోగుతుంది. లెక్కా పత్రం అంతా ఇంటి దగ్గర కంప్యూటర్లో. ఇంగ్లిష్‌లో బాగానే నడిచింది. తెలుగు పెట్టగానే గొడవ మొదలైంది. ఒక ఫోన్లో వత్తులు తెగుతున్నాయి, ఇంకో ఫోన్లో హెచ్చరిక సగంలో ఆగిపోయి మూడు చుక్కలు కనబడుతున్నాయి. "తెలుగు తీసేద్దాం, 'లో ఆక్సిజన్' అంటే అందరికీ అర్థమవుతుందిలే" అని మీటింగులో ఒక మాటొచ్చింది. ఉంచాలో తీసేయాలో సోమవారంలోపు తేల్చాలి. లాప్‌టాప్, మూడు పాత ఫోన్లు, ఒక చార్జరు బ్యాగులో పడేసుకుని హైదరాబాద్‌లో బందరు బస్సెక్కాను.

తెల్లారేసరికి బందరు. బస్టాండులో టీ తాగుతూనే మొదటి పరీక్ష. మూడు ఫోన్లలోనూ 'మచిలీపట్నం' అని కొట్టాను. కంటికి కనిపించేవి ఐదు అక్షరాలు: మ, చి, లీ, ప, ట్నం. ఫోను లోపల మాత్రం పది ముక్కలు. మ, చ, గుడి, ల, గుడిదీర్ఘం, ప, ట, పొల్లు, న, సున్నా. ప్రతి ముక్కకీ యూనికోడ్ ఒక నంబరిచ్చింది. తెలుగుకి కేటాయించిన వీధిలో మొత్తం 128 ఇళ్లున్నాయి, ఇంకా కొన్ని ఖాళీ. మనం మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్క మూడు బైట్లు తింటుంది కాబట్టి మచిలీపట్నం 30 బైట్ల ఊరు. ఈ పది ముక్కల్నీ పేర్చి, ట కింద న వత్తు తగిలించి, పక్కన సున్నా పెట్టడం ఫోన్లో దాక్కున్న ఒక ప్రోగ్రాము పని. ఆ పేర్పు కుదరకపోతే పొల్లు ఒక పక్కన, న ఒక పక్కన నిలబడిపోతాయి. వత్తు తెగడమంటే ఇదే.

ఒకప్పుడు ఈ పని మనిషి చేసేవాడు. కృష్ణాపత్రిక 1902లో ఈ ఊళ్లోనే పుట్టింది. ముట్నూరి కృష్ణారావు గారు దాన్ని దశాబ్దాలపాటు నడిపారు. అప్పటి ప్రెస్సుల్లో కంపోజిటరు ముందు చెక్క అరలు, అరల నిండా సీసం అక్షరాలు. వత్తు ఎక్కడ కూర్చోవాలో అతని వేళ్లకి తెలుసు. తెలుగు కోసం అరలు ఎక్కువ కావాలని ఆ ప్రెస్సు యజమాని సణుక్కున్నాడేమో గానీ, అరల పెట్టె మాత్రం తెలుగు కొలతకే చేయించాడు. సాఫ్ట్‌వేర్‌లో అలా జరగదు. స్క్రీన్ బొమ్మ ఇంగ్లిష్‌లో గీస్తారు, గడి ఎత్తు ఇంగ్లిష్‌కి కొలుస్తారు, విడుదలకి వారం ముందు అందులో తెలుగు పోస్తారు. ఇంగ్లిష్ అక్షరం బుద్ధిగా గీత మీద కూర్చుంటుంది. మనది పైకి గుడి, కిందికి వత్తు. 'క్షేత్రయ్య' అని ఆ గడిలో రాస్తే కింది భాగం కత్తిరించుకుపోతుంది. ఫాంటులో వత్తు ఉంది, ఫోనుకి పేర్చడమూ వచ్చు. గడే చాలలేదు. నా మూడు ఫోన్లలో ఒకదాని జబ్బు ఇదేనని టీ అయ్యేలోపు తేలిపోయింది. రెండోదాని జబ్బు వేరు. అందులో కంపెనీవాళ్లు పెట్టిన తెలుగు ఫాంటే సరిగ్గా లేదు.

అక్కణ్నుంచి గిలకలదిండి. మే మొదటివారం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటున్నారు, రంగులు వేసుకుంటున్నారు. రొయ్యల చెరువు యాప్‌కి చేపల రేవులో ఏం పని అంటారా? ఫోనుని అందరికన్నా కష్టమైన చోట వాడేది వీళ్లే. తీరం నుంచి పదీ పన్నెండు కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఉండదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. సముద్రం పైపొర వేడినీ, నీళ్లలో పచ్చదనాన్నీ ఉపగ్రహాలతో కొలిచి, చేపలు ఎటువైపు దొరకొచ్చో చెబుతుంది. చేపలు సముద్రంలో, ఆ లెక్క హైదరాబాద్‌లో! ఆ కబురు సిగ్నల్ లేనిచోటికి చేర్చడానికి 2019లో జెమినీ అనే పరికరం తెచ్చారు. గగన్ ఉపగ్రహాల నుంచి పరికరానికి, పరికరం నుంచి బ్లూటూత్‌లో ఫోనుకి. ఫోన్లోని యాప్ దాన్ని తొమ్మిది ప్రాంతీయ భాషల్లో చూపిస్తుంది. తుపాను హెచ్చరికలూ అలాగే వస్తాయి. లోటల్లా ఒకటే, కబురు వస్తుంది గానీ బోటు నుంచి తిరిగి కబురు పంపలేరు.

వల కుడుతున్న ఒక పెద్దాయనకి ఫోనిచ్చి మా హెచ్చరిక చూపించాను. కంటికి దూరంగా పెట్టారు, దగ్గరగా పెట్టారు.

"ఇది నేను చదవాలా బాబూ?"

"చదవడం రాదా తాతా?"

"రాకేం, వచ్చు. చేతులు తడి, పైన ఎండ, కింద ఊపు. ఎక్కడ చదివేది? నోటితో చెప్పమనకూడదూ దాన్ని!"

పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు గానీ వాళ్లూ చేసేది అదే. వాట్సాప్‌లో రాసుకోవడం తక్కువ, మాటలు రికార్డు చేసి పంపుకోవడమే ఎక్కువ. ఫోను చేత చదివించడం పెద్ద కష్టం కాదు, ఆ వసతి ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. కాకపోతే షరతొకటి. లోపలున్న ముక్కలు సరైన వరసలో ఉండాలి. బొమ్మగా అతికించిన తెలుగునీ, పాత పద్ధతి ఫాంట్ల తెలుగునీ ఫోను చదవలేదు. ఈ షరతు ఎంత పెద్దదో గుడివాడలో తెలిసొచ్చింది.

బందరు నుంచి గుడివాడకి రైలెక్కాను. మొదట పెడన. కలంకారీ అచ్చు బట్టల ఊరు. చెక్క అచ్చు మీద పువ్వు చెక్కి, రంగులో ముంచి, బట్ట మీద ఒత్తుతారు. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. కలంకారీ పర్షియన్ మాట. బందరు కూడా పర్షియన్ మాటే, రేవు అని అర్థం. గోల్కొండ కాలంలో పర్షియా వర్తకులు దిగిన రేవు కదా. తమాషా ఏంటంటే, మీ ఆండ్రాయిడ్ ఫోన్లో తెలుగు వత్తులు పేర్చే ఆ ప్రోగ్రాము పేరు హార్ఫ్‌బజ్. అదీ పర్షియన్ నుంచి పుట్టిన పేరే. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. పెడన స్టేషన్లో రైలాగినప్పుడు ఇది గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను, ఎదురు సీటాయన అనుమానంగా చూశాడు.

గుడ్లవల్లేరు దాకా పక్కనే కూర్చున్న ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్లకి నా మూడు ఫోన్లు చూసి కుతూహలం. "అన్నా, రిపేరు షాపా?" అనడిగారు. పని చెప్పాను. వాళ్లకి జావా వచ్చు, ఫ్లట్టర్ వచ్చు. కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నారట. తెలుగులో చేయొచ్చుగా అంటే, "తెలుగంటే చివర్లో ట్రాన్స్‌లేట్ కొట్టడమే కదన్నా" అన్నాడొకడు.

వాళ్లకి 2018 ఫిబ్రవరి కథ చెప్పాను. మీకూ గుర్తుండొచ్చు. 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు పడిపోయాయి. మామూలు జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనబడని ఒక ముక్క ఇరుక్కున్న జ్ఞా. జ, పొల్లు, ఞ, ఆ కనబడని ముక్క, దీర్ఘం. ఈ వరసని ఎలా పేర్చాలో ఫోనుకి అంతుపట్టక యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. ప్రపంచమంతా ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఆడుకున్నారు. అదే నెల 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. కోట్లమంది రాసుకునే భాషలో అంత మామూలు అక్షరం దగ్గరే పడిపోయిందంటే, ఆ వరసతో ముందే ఎవరూ పరీక్షించి ఉండరనేది నా అభిప్రాయం. కుర్రాళ్లు వెంటనే వాళ్ల ప్రాజెక్టు తెరిచి 'స్త్రీ' అని కొట్టి చూశారు. కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు ముక్కలు. వాళ్ల బాక్సులో కింద సగం మాయం. "అన్నా, నిజమే!" అంటూ ఆ స్క్రీన్ చూసుకుంటూనే దిగిపోయారు.

గుడివాడలో మా బావ ఉంటాడు. అతని బండి తీసుకునే ముందు నన్నొక డీటీపీ షాపుకి తీసుకెళ్లాడు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, దినకర్మ కార్డులు, కరపత్రాలు. షాపాయన పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నారు. కంప్యూటర్ కొత్తది, లోపల పేజ్‌మేకర్ పాతది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, యూనికోడ్ తెలుగు దానికి చేతకాదు. అందుకని అను ఫాంట్లు. ఆయన వేళ్లు చూడాలి మీరు. కీబోర్డు వైపు కన్నెత్తకుండా పెళ్లి పత్రిక పది నిమిషాల్లో కొట్టేశారు. వత్తులన్నీ ముత్యాల్లా పడ్డాయి.

"బాబాయిగారూ, ఇందులో ఒక లైను కాపీ చేసి నా వాట్సాప్‌కి పంపండి" అన్నాను.

ఆయన నవ్వి పంపారు. నా ఫోన్లో పెళ్లికూతురి పేరు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ, పిచ్చి గుర్తులూ దిగాయి. ఎందుకంటే ఆ ఫాంట్లలో తెలుగు అనేది బొమ్మ మాత్రమే. లోపలున్నది ఇంగ్లిష్ గుర్తులు, పైన తెలుగు వేషం. ఆ ఫాంటు లేనిచోట వేషం ఊడిపోతుంది.

"మరి యూనికోడ్‌కి మారొచ్చుగా?"

"మారితే నా పాత ఫైళ్లెవరు మారుస్తారు? ఈ వేళ్లకి మళ్లీ కొత్త కీబోర్డెవరు నేర్పుతారు? ప్రెస్సువాళ్లు తీసుకోవాలిగా?" అన్నారాయన. మూడూ న్యాయమైన ప్రశ్నలే. మార్చిపెట్టే కన్వర్టర్లున్నాయి గానీ ఒక్కో ఫైలూ మళ్లీ కూర్చుని చూసుకోవాలి. నన్ను బాధపెట్టింది వేరే. ఆ కంప్యూటర్లో పాతికేళ్ల ఊరి చరిత్ర ఉంది. గుడి సావనీర్లు, కాలేజీ పాత విద్యార్థుల సంచికలు, ఎవరో తాతగారు అచ్చేయించుకున్న వంశవృక్షం. ఏదీ గూగుల్లో దొరకదు. ఏ ఫోనూ పైకి చదవలేదు. కాగితం మీద తెలుగు, కంప్యూటర్ లోపల కాదు.

అలాగని డెస్క్‌టాప్‌లో మంచి తెలుగు లేకనా? విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచే గౌతమి ఫాంటుంది. విదేశంలో ఉంటూ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర వాళ్లు ఊరూపేరూ ఉన్న ఫాంట్లు వరసగా తెచ్చారు. ఎన్టీఆర్, మండలిలాంటివి గీసింది పురుషోత్త్ కుమార్ గుత్తుల. ఎవరైనా వాడుకోవచ్చు, యాప్‌లో కలుపుకోవచ్చు, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. షాపులో ఉండగానే ఒకామె ఏదో సర్టిఫికెట్ దరఖాస్తు కోసం వచ్చింది. షాపాయన, "అమ్మా, అది ఇప్పుడు వాట్సాప్‌లోనే అయిపోద్ది, మన మిత్రలో పెట్టుకో" అని పంపేశారు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ఆ ఏర్పాటు వల్ల ఆయన బేరాలు కొన్ని తగ్గాయి. ఫోను తెలుగు దూసుకుపోతోంది, డెస్క్‌టాప్ తెలుగు ఆయన టేబుల్ మీదే ఉంది. రెండింటికీ మాటల్లేవు.

బండి మీద పామర్రు వైపు. ఆ దగ్గర్లోనే నిమ్మకూరు, ఎన్టీ రామారావు గారు పుట్టిన ఊరు. ఊరి మొదట్లో బండాపి, లాప్‌టాప్ తెరిచి, మా హెచ్చరికకి ఎన్టీఆర్ ఫాంటు తొడిగాను. గుండ్రంగా, నిండుగా ఉంది. పోస్టరుకి, హెడ్డింగుకి సరైనది. చెరువు గట్టు మీద అరచేతిలో చదవడానికి మాత్రం చిన్నదైపోయింది. కూచిపూడి దాటాక మొవ్వ, క్షేత్రయ్య ఊరు. ఆయన పేరే నా గడి పరీక్ష కాబట్టి పేరు రాసున్న బోర్డు ముందు నిలబడి ఫొటో తీసుకున్నాను. బోర్డు రాసిన పెయింటరు వత్తులకి కింద జానెడు చోటు వదిలాడు. ఆయన్ని మా డిజైన్ టీములోకి తీసుకోవాలి.

శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదండోయ్, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి తెలుగులో రాయమన్నాడనీ, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాశాడనీ చెబుతారు. మధ్యాహ్నం గుడి అరుగు మీద కూర్చుంటే నది మీంచి గాలి. శ్రీకృష్ణదేవరాయ ఫాంటు పెట్టి చూశాను. ఒంపులు బాగున్నాయి. శుభలేఖ మీద రాజసంగా ఉంటుంది. హెచ్చరికకి రాజసం పనికిరాదు.

చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ. ఇక దివిసీమే. కృష్ణమ్మ రెండు పాయలుగా చీలి, రెండు చేతుల మధ్యా పట్టుకున్న నేల. పులిగడ్డ దగ్గర వంతెన దాటి అవతలికి వెళ్తే రేపల్లె, ఇంకాస్త పోతే భట్టిప్రోలు. క్రీస్తుపూర్వం నాటి అక్షరాలు భరిణెల మీద చెక్కి దొరికిన చోటు. సమయం లేక అటు వెళ్లలేదు.

మండలి అన్న పేరు వింటే ఇక్కడ ఎవరికైనా గుర్తొచ్చేది మండలి వెంకటకృష్ణారావు గారే. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యామంత్రి. ఆ తర్వాత రెండేళ్లకి, 1977 నవంబరు 19న, ఈ నేల మీదికి సముద్రం వచ్చింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. ఒడ్డునున్న ఊళ్లకి ఊళ్లే లేకుండా పోయాయి. అప్పట్లో కబురంటే రేడియో. అది ఉన్న ఇల్లెన్ని, విన్నవాళ్లెందరు? ఇప్పుడు బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడారుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేసరికి, అది ఎక్కడుందో జనం ఫోన్లలోనే చూసుకుంటున్నారు. అవనిగడ్డ టీకొట్టు దగ్గర ఒక పెద్దావిడ ఆ రాత్రి గురించి చెబుతూ, "ఎవురైనా వచ్చి గట్టిగా ఒక్క కేకేసుంటే మా వాళ్లు డాబా ఎక్కేవోళ్లు నాయనా" అంది. నేనేం మాట్లాడలేదు. గిలకలదిండి పెద్దాయన అడిగింది కూడా కేకే.

నాగాయలంక వైపు, దారికి రెండు పక్కలా చెరువులు. మాకు పరీక్షకి ఒప్పుకున్న రైతు చెరువు దగ్గరే రాత్రి మకాం. గట్టు మీద రేకుల పాక, ఒక మంచం, కాపలా మనిషి. మా టీముతో ఫోన్లో మాట్లాడుతూ పాకలోనే పని చేశాను. గడి ఎత్తు పెంచాం. మండలి ఫాంటుని యాప్‌లోనే కలిపేశాం. గీతలన్నీ ఒకే మందం కాబట్టి చిన్న సైజులోనూ వత్తు కనబడుతుంది, ఏ ఫోను కంపెనీ దయా అక్కర్లేదు. 'వినండి' అని ఒక పెద్ద బటన్ పెట్టాం. ఇక సిగ్నల్ సంగతి. ఇక్కడ డేటా వస్తూ పోతూ ఉంటుంది, అలాంటప్పుడు మామూలు ఎస్సెమ్మెస్సే దిక్కు. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 ముక్కలే. అందుకని మాటలు తూచి రాయాలి. "3వ చెరువు: ఆక్సిజన్ తగ్గింది. ఏరియేటర్లు వేయండి". లెక్కపెట్టాను, 47. 'దయచేసి', 'గమనిక' లాంటివి ముందే తీసేశాం.

చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఉండదు కాబట్టి రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తరుగుతూ వస్తుంది, తెల్లవారుజామున అట్టడుగుకి చేరుతుంది. రొయ్యకి లీటరుకి నాలుగు మిల్లీగ్రాములు దాటి ఉండాలి. ఇంకా కిందికి పడితే రొయ్యలు పైకి తేలతాయి. ఒక్క గంట ఆలస్యమైతే అప్పు చేసి పెట్టిన మేతంతా నీళ్లలోనే. ఆ గంటలో మేలుకుని ఉండాల్సింది రైతు కాదు, ఈ కాపలా మనిషి. ఆయనకి చదువు రాదు. మీటింగులో "అందరికీ అర్థమవుతుందిలే" అన్నారే, ఆ అందరిలో ఆయన లేడు.

మూడూ నలభైకి ఫోను మోగింది. నేను లేవలేదు, కళ్లు మూసుకుని వింటున్నాను. ఆయన తువ్వాలు దులుపుకుంటూ లేచి, పచ్చ బటన్ వెతికి నొక్కాడు. ఒక ఆడగొంతు తాపీగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. మూడవ చెరువు. ఆక్సిజన్ తగ్గింది. ఏరియేటర్లు వేయండి.

ఆయన టార్చి తీసుకుని గట్టు మీద పరుగెత్తాడు. నిమిషంలో మోటార్లు గురగురమన్నాయి, చీకట్లో నీళ్లు తెల్లగా ఎగురుతున్నాయి. వెనక్కొచ్చి మంచం మీద కూలబడి ఫోను వైపు చూశాడు.

"ఏవండీ, ఆ అమ్మాయిది ఏ ఊరు? మన బందరు యాస కాదే?"